బోర్డు రాయించే ముందు పేరు సంగతి తేల్చండి: వర్తక సంఘాలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లోని వర్తక సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకు,

నమస్కారం.

మీ సభ్యులకు భాగస్వామ్య ఒప్పందాలు, కంపెనీ కాగితాలు, జీఎస్టీ దరఖాస్తులు సిద్ధం చేసేవాళ్లం మేము. ఒకే పేరు కోసం ఇద్దరు ముగ్గురు తగువు పడి సంఘానికి వచ్చినప్పుడు మీరు ముందుగా అడిగేది "ఎవరు ముందు రిజిస్టర్ చేయించుకున్నారు?" అని. ఆ ప్రశ్నతో మొదలైన పంచాయితీ తేలదు. ఒకాయన జీఎస్టీ సర్టిఫికెట్ తీస్తాడు. రెండో ఆయన భాగస్వామ్య సంస్థలను నమోదు చేసే ఫర్మ్స్ రిజిస్ట్రార్ ఇచ్చిన కాగితం తెస్తాడు. మూడో ఆయన చేతిలో కంపెనీ సర్టిఫికెట్ ఉంటుంది. మూడూ ప్రభుత్వం ఇచ్చినవే, మూడూ నిజమైనవే. కానీ మార్కెట్లో ఆ పేరు తన ఒక్కడిదే అని ఆ మూడింటిలో ఏదీ చెప్పదు. ఏ కాగితం ఎంతవరకు పనికొస్తుందో మీకు తెలిస్తే సగం తగువులు మీ గడప తొక్కకముందే ఆగిపోతాయి.

ముందు ప్రొప్రైటర్ల సంగతి. సొంతంగా నడిపే వ్యాపారానికి పేరు నమోదు చేసే రిజిస్టర్ మన దేశంలో లేనే లేదు. షాపుల చట్టం కింద కార్మిక శాఖలో పేరు రాస్తారు, చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ పోర్టల్‌లో రాస్తారు, జీఎస్టీలో రాస్తారు. ఆ పేరు ఇంకొకరికి ఉందా అని ఎక్కడా సరిచూడరు. జీఎస్టీ సర్టిఫికెట్‌ను ఒకసారి దగ్గర పెట్టుకుని చూడండి. లీగల్ నేమ్ అన్న గడిలో యజమాని పాన్ కార్డు మీది పేరు వస్తుంది. దాని కింద ట్రేడ్ నేమ్ గడిలో బోర్డు మీది పేరు ఉంటుంది. మొదటిది పాన్ నుంచి వచ్చేది, రెండోది దరఖాస్తు చేసినవాళ్లు టైప్ చేసింది. ఒకే వీధిలో ఇద్దరికి ఒకే ట్రేడ్ నేమ్‌తో రెండు జీఎస్టీ నంబర్లు రావడానికి ఏ అడ్డూ లేదు.

పేరు ఒక్కోచోట ఒక్కోలా రాయించుకుంటే ఆ తేడా బ్యాంకులో బయటపడుతుంది. వ్యాపారం పేరుతో కరెంటు ఖాతా కావాలంటే, ఆర్‌బీఐ కేవైసీ నిబంధనల ప్రకారం, యజమాని గుర్తింపు కాగితాలతో పాటు ఆ వ్యాపారం నడుస్తోందని చూపే రెండు పత్రాలు ఇవ్వాలి. రెండూ తేలేని పరిస్థితి ఉంటే బ్యాంకు విచారించుకుని ఒకదానితో ఒప్పుకోవచ్చు. ఉద్యమ్‌లో "ట్రేడర్స్" అని, షాపు రిజిస్ట్రేషన్‌లో "ట్రేడింగ్ కంపెనీ" అని రాయించుకున్న మనిషి దగ్గర రెండు పత్రాలు ఉన్నా, ఒక పేరుకు ఒక్కటే ఉన్నట్టు లెక్క. మొదటి దరఖాస్తులో ఏ అక్షరాలు పడితే మిగతా అన్నిటిలో అవే పడాలి. చుక్క, ఖాళీ, "అండ్" అన్న మాటకు వాడే గుర్తు కూడా.

ప్రొప్రైటర్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 30వ ఆర్డర్ 10వ రూల్ ప్రకారం బోర్డు పేరు మీద ఆయన్ను ఎవరైనా కోర్టుకు లాగవచ్చు. ఆయన మాత్రం ఆ పేరుతో దావా వేయలేడు. తన సొంత పేరు రాసి, ఫలానా ట్రేడర్స్ ప్రొప్రైటర్‌ని అని చెప్పుకుంటూ వేయాలి. బిల్లు పుస్తకం మీద కింద ఎక్కడో చిన్న అక్షరాలతోనైనా యజమాని పేరు అచ్చువేయించమని మేం పోరేది ఇందుకే. బిల్లుకూ మనిషికీ సంబంధం రుజువు చేయడానికి ఒక వాయిదా వృథా కావడం అనవసరం.

కొన్ని మాటలు ప్రొప్రైటర్లకు కూడా నిషిద్ధం. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 7వ సెక్షన్ ప్రకారం "బ్యాంక్", "బ్యాంకింగ్" అన్న మాటలను ఏ వ్యక్తీ, ఏ ఫర్మూ వ్యాపారం పేరులో పెట్టుకోకూడదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం 11వ సెక్షన్ రెండువైపులా పదునున్నది. చిట్టీలు నడిపేవాళ్ల పేరులో చిట్ అన్న మాటో, చట్టం ఒప్పుకున్న అలాంటి మరో మాటో ఉండి తీరాలి. నడపనివాళ్ల పేరులో అది ఉండకూడదు. కంపెనీగా నమోదు కాకుండా చివర "లిమిటెడ్" తగిలించుకుంటే కంపెనీల చట్టం 453వ సెక్షన్ కింద రోజుకు 500 నుంచి 2000 రూపాయల వరకు జరిమానా పడుతుంది.

ఇక భాగస్వామ్యాలు. అసలు నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం.

స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుని, ఫర్మ్ పేరుతో పాన్ తీసుకుని, ఖాతా తెరిస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఫర్మ్ పుట్టడానికి అది చాలు. 1932 భాగస్వామ్య చట్టం రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేయలేదు. అయితే చేయించుకోని ఫర్మ్‌ను 69వ సెక్షన్ కట్టిపడేస్తుంది. ఒప్పందం ప్రకారం రావాల్సిన డబ్బు కోసం బయటివాళ్ల మీద ఆ ఫర్మ్ దావా వేయలేదు. ఒక భాగస్వామి తన హక్కుల కోసం ఫర్మ్ మీద గానీ తోటి భాగస్వామి మీద గానీ వేయలేడు. ఫర్మ్‌ను రద్దు చేయమని, రద్దయిన ఫర్మ్ లెక్కలు తేల్చమని అడగడం వంటి కొన్నిటికే మినహాయింపు. వంద రూపాయలు దాటని క్లెయిములకు కూడా మినహాయింపు ఉంది. 1932లో వంద రూపాయలంటే చెప్పుకోదగ్గ మొత్తమే, ఇప్పుడు ఆ మినహాయింపు ఉన్నా లేనట్టే.

సరే, దావా వేశాక రిజిస్ట్రేషన్ చేయించుకుంటే? కుదరదు. వేసిన రోజుకే ఫర్మ్ రిజిస్టరై ఉండాలి, దావా వేస్తున్న భాగస్వాముల పేర్లు కూడా ఆ రోజుకు ఫర్మ్స్ రిజిస్టర్‌లో ఉండాలి. ఈ రెండో షరతు దగ్గర పాత, పేరున్న ఫర్మ్‌లు కూడా బోల్తా పడతాయి. తండ్రి విరమించుకున్నాడు, కొడుకు చేరాడు. కొత్త ఒప్పందం రాసి బ్యాంకులో ఇచ్చారు, జీఎస్టీలో మార్చారు. 63వ సెక్షన్ కింద ఫర్మ్స్ రిజిస్ట్రార్‌కు మాత్రం నోటీసు పోలేదు. రిజిస్టర్‌లో ఇంకా తండ్రి పేరే ఉంటుంది. బాకీ మూడేళ్ల కాలపరిమితి దగ్గరపడ్డాక ఈ సంగతి బయటపడితే, రిజిస్టర్ సరిచేయించి మళ్లీ దావా వేసేంత గడువు మిగలకపోవచ్చు.

దరఖాస్తులో ఏముండాలో 58వ సెక్షన్ చెబుతుంది: ఫర్మ్ పేరు, వ్యాపారం జరిగే ప్రధాన స్థలం, ఇతర స్థలాలు, ఒక్కో భాగస్వామి చేరిన తేదీ, వాళ్ల పూర్తి పేర్లు, శాశ్వత చిరునామాలు, ఫర్మ్ కాలవ్యవధి. భాగస్వాములందరూ గానీ, వాళ్లు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన ఏజెంట్లు గానీ సంతకం చేయాలి. పేరులో "రాయల్", "ఇంపీరియల్", "కింగ్", "క్వీన్" లాంటి మాటలుంటే రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ప్రభుత్వ ఆమోదం, ఆదరణ ఉన్నట్టు తోపించే మాటలకూ అంతే. రాయల్ అన్న మాట మీద మనవాళ్లకు మోజెక్కువ కనుక ఇది ముందే చెప్పడం మంచిది. అదే పేరు ఇంకో ఫర్మ్‌కు ఉండకూడదన్న షరతు మాత్రం 1932 నాటి మూల చట్టంలోని ఆ సెక్షన్‌లో కనిపించదు. అంటే ఫర్మ్స్ రిజిస్ట్రేషన్ మీకు కోర్టు గడప తెరుస్తుంది, పేరుకు కాపలా కాయదు.

పాన్ దరఖాస్తులో ఫర్మ్ పేరు ముందు "మెస్సర్స్" రాయకండి. అది పేరులో భాగమై కూర్చుంటే ఒప్పందంలో పేరు ఒకటి, పాన్‌లో ఇంకొకటి అవుతుంది. జీఎస్టీ లీగల్ నేమ్ పాన్ నుంచే వస్తుంది కాబట్టి తప్పు అక్కడికీ పాకుతుంది.

అన్నదమ్ములు విడిపోయినప్పుడు పేరు ఎవరిది? మీ దగ్గరకు వచ్చే పంచాయితీల్లో కఠినమైనది ఇదే కావచ్చు. ఒప్పందంలో వేరే షరతు లేకపోతే 36వ సెక్షన్ వర్తిస్తుంది: బయటికి వెళ్లిన భాగస్వామి పోటీ వ్యాపారం పెట్టుకోవచ్చు, ఫర్మ్ పేరు మాత్రం వాడకూడదు, పాత ఫర్మ్ ఖాతాదారులను తనవైపు తిప్పుకోకూడదు. ఎవరూ బయటికి వెళ్లకుండా ఫర్మే రద్దయితే లెక్కలు పూర్తిగా తేలేదాకా ఆ పేరుతో తోటి భాగస్వామి అదే వ్యాపారం చేయకుండా ఏ భాగస్వామి అయినా అడ్డుకోవచ్చు. ఇన్ని మలుపులు దేనికి? ఒప్పందం రాసే రోజునే "విడిపోతే పేరు, గుడ్‌విల్ ఫలానావారికి, ఇంత విలువ కట్టి" అని ఒక క్లాజు పెట్టిస్తే చాలు. మాకు అందే పాత ఒప్పందాల్లో లాభనష్టాల వాటాలు పైసలతో సహా ఉంటాయి, పేరు గురించి ఒక్క ముక్క ఉండదు.

ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), కంపెనీల దగ్గరికి వచ్చేసరికి పేరును నిజంగానే పరీక్షిస్తారు. ఎల్‌ఎల్‌పీ పేరును రన్-ఎల్‌ఎల్‌పీ ఫారంలో 200 రూపాయల రుసుముతో అడగవచ్చు. వస్తే మూడు నెలలు మీకోసం అట్టిపెడతారు. కంపెనీకి స్పైస్ ప్లస్ ఫారం పార్ట్ ఏలో 1000 రూపాయలు కట్టి రెండు పేర్లు ఇవ్వవచ్చు. ఆమోదించిన పేరు ఉండేది 20 రోజులే. 2021 జనవరి నుంచి పొడిగింపు దొరుకుతోంది. మొదటి 20 రోజుల్లోపు 1000 కడితే 40 రోజుల దాకా, ఆ 40 లోపు ఇంకో 2000 కడితే 60 దాకా. మొదట్లోనే 3000 కట్టి నేరుగా 60 రోజులూ తీసుకోవచ్చు. గడువు మింగేసేది సాధారణంగా పేరు కాదు, ఆఫీసు చిరునామా కాగితాలు. కరెంటు బిల్లో అలాంటిదో రెండు నెలలకంటే పాతది కాకూడదు, అద్దె ఇల్లయితే యజమాని అనుమతి పత్రం కావాలి. అవి చేతికొచ్చాక పేరు అడగండి.

పోలికల పరీక్ష 2014 కంపెనీల ఇన్‌కార్పొరేషన్ నిబంధనల్లోని 8వ రూల్ ప్రకారం జరుగుతుంది. ఇప్పుడున్న రూపం 2019 మేలో వచ్చింది. ఊహకు "మాగాణి ఆగ్రో ప్రైవేట్ లిమిటెడ్" అని ఒక కంపెనీ ముందే ఉందనుకోండి. మీ సభ్యుడు చివర బహువచనపు "ఎస్" చేర్చి అడిగినా, ముందు "ది" పెట్టినా, మాటలు తిప్పి "ఆగ్రో మాగాణి" అన్నా, చివర "డాట్ కామ్" తగిలించినా, ఊరి పేరు కలిపినా, "మాగాణి ఆగ్రో 2" అన్నా, అవన్నీ పాత పేరుతో సమానమే. ఇంగ్లిష్ స్పెల్లింగులో దీర్ఘానికి ఒక ఏ తీసి రెండు ఏలు పెట్టడం మనవాళ్లకు ఇష్టమైన ఉపాయం. ఉచ్చారణ ఒకటే అయితే అక్షరాలు మార్చినా తేడా కింద లెక్కపెట్టరని రూల్‌లోనే ఉంది. సంఖ్యాశాస్త్రం చెప్పిందని అక్షరం పెంచితే అదృష్టం సంగతేమో గానీ పేరు మాత్రం రాదు. కంపెనీల పోర్టల్‌లో వెతికేటప్పుడు మాత్రం స్పెల్లింగ్ మారితే ఫలితాలూ మారతాయి. అందువల్ల ఒక తెలుగు పేరును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయగలరో అన్ని రకాలుగానూ వెతకాలి. ణకు నకు, ళకు లకు ఇంగ్లిష్‌లో తేడా ఉండదన్నది మరచిపోవద్దు.

"నేషనల్", "సెంట్రల్", "కమిషన్", "అథారిటీ", "పంచాయత్" లాంటి మాటలకు 8బీ రూల్ కింద కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. ఇక 8ఏ రూల్ ట్రేడ్‌మార్కుల గురించి చెప్పేది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. రిజిస్టరైన మార్కే కాదు, దరఖాస్తు దశలో ఉన్న మార్కు ఉన్నా దాని సొంతదారు సమ్మతి లేకుండా ఆ పేరు ఇవ్వరు. తండ్రి తన పేరు మీద ట్రేడ్‌మార్కు తీసుకుని ఉంటే, కొడుకు అదే పేరుతో కంపెనీ పెట్టడానికి తండ్రి రాతపూర్వక సమ్మతి జతచేయాలి. ఇంటి వ్యవహారమే కదా అని ఆ కాగితం పెట్టకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

ఇంత పరీక్ష జరిగాక కూడా ఒక ఖాళీ మిగిలే ఉంటుంది. కేంద్రం దగ్గర సరిచూసేది కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు, ట్రేడ్‌మార్కుల జాబితాలు. జిల్లాలోని ఫర్మ్స్ రిజిస్టర్‌తో గానీ, జీఎస్టీ ట్రేడ్ నేమ్‌లతో గానీ పోల్చరు. ముప్పై ఏళ్లుగా మీ బజారులో ఉన్న ప్రొప్రైటర్ పేరుతో ఎక్కడివాళ్లో రేపు కంపెనీ పెట్టుకోవచ్చు. తిరుగు ప్రమాదమూ ఉంది. కంపెనీ పేరు వచ్చినా, అది తన రిజిస్టరైన మార్కును పోలి ఉందని ట్రేడ్‌మార్కు సొంతదారు మూడేళ్లలోపు కంపెనీల చట్టం 16వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. పేరు మార్చమని ఆదేశం వస్తే మూడు నెలల్లో మార్చాలి. మార్చకపోతే 33ఏ రూల్ ప్రకారం కొత్త పేరు వాళ్లే పెట్టేస్తారు: "ఓఆర్‌డీఎన్‌సీ" అన్న అక్షరాలు, ఆదేశం ఇచ్చిన సంవత్సరం, ఒక వరస సంఖ్య, చివర కంపెనీ గుర్తింపు సంఖ్య (సీఐఎన్). రీజినల్ డైరెక్టర్ ఆదేశం పాటించలేదని చెప్పే ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలవి. ఆ పేరుతో బిల్లు ఇస్తే తీసుకునేవాడు రెండుసార్లు చూస్తాడు.

ఇన్ని రిజిస్టర్లలో పేరుకు నిజంగా కాపలా కాసేది ట్రేడ్‌మార్కే. వ్యక్తులు, చిన్న సంస్థలు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్‌లో టీఎం-ఏ దరఖాస్తు ఫారం రుసుము ఒక్కో తరగతికి, అంటే సరుకుల లేదా సేవల వర్గానికి, 4500 రూపాయలు, మిగతావారికి 9000. తరగతి తప్పు పడితే రుసుము బూడిదలో పోసినట్టే. పచ్చళ్లు 29వ తరగతిలోకి వస్తాయి, కారప్పొడులు, మసాలాలు, బియ్యం 30లోకి. కూరగాయలు, విత్తనాలు 31. గుడ్డ 24, కుట్టిన దుస్తులు 25, నగలు 14. హోటల్ సేవలు 43. పచ్చళ్లూ పొడులూ రెండూ అమ్మేవాళ్లు ఒక్క తరగతితో సరిపెట్టుకుంటే సగం సరుకు బయటే ఉండిపోతుంది. ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రకటించాక అభ్యంతరాలకు నాలుగు నెలల గడువు. రిజిస్టరైతే దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు, ఆ తర్వాత పదేళ్లకోసారి రెన్యువల్. రిజిస్టర్ కాకముందే వలయంలో ఆర్ గుర్తు వేయించడం చట్టవిరుద్ధం, అప్పటిదాకా టీఎం అని మాత్రమే వేసుకోవాలి.

రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. ట్రేడ్‌మార్కుల చట్టం 34వ సెక్షన్, అవతలివాళ్ల వాడకానికీ రిజిస్ట్రేషన్‌కూ ముందు నుంచే ఆ పేరు ఎడతెగకుండా వాడుతున్నవాళ్లను కాపాడుతుంది. పైన చెప్పిన 69వ సెక్షన్ అడ్డంకి కూడా ఇక్కడ లేదు. నమోదు కాని ఫర్మ్ అయినా తన మార్కు కాపాడుకోవడానికి దావా వేయవచ్చని 2000లో హల్దీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ వసూలుకు పనికిరాని ఫర్మ్ పేరు కోసం మాత్రం పోరాడగలదు.

రూపం మార్చేటప్పుడు పేరు దానంతటది వెంట రాదు. ప్రొప్రైటర్ కంపెనీగా మారితే పాన్ మారుతుంది, కాబట్టి జీఎస్టీ నంబరూ కొత్తదే. మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీ తాలూకు జమను) ఐటీసీ-02 ఫారం ద్వారా బదిలీ చేసుకోవాలి. ట్రేడ్‌మార్కు యజమాని పేరు మీదే ఉండిపోతుంది, కంపెనీకి రాసిచ్చి టీఎం-పీ ఫారంతో నమోదు చేయించాలి. ఫర్మ్ ఎల్‌ఎల్‌పీగా మారితే 15 రోజుల్లో ఫర్మ్స్ రిజిస్ట్రార్‌కు తెలపాలి. ఏడాదిపాటు ఉత్తరాల మీద పాత పేరు, పాత రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. కంపెనీ పేరు మారితే రెండేళ్లపాటు బోర్డు మీదా లెటర్‌హెడ్ మీదా పాత పేరు కూడా ఉండాలి. అన్నట్టు, కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం బోర్డు మీద పేరు స్థానిక భాష లిపిలో కూడా రాయాలి. తెలుగులో లేని కంపెనీ బోర్డులు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో మీరే చూడండి.

మీనుంచి మేం కోరేవి పెద్దవేం కావు. సభ్యత్వ ఫారంలో పేరుకు ఒకే గడి ఉంటే దాన్ని మూడు చేయండి: పాన్ మీది పేరు, వ్యాపార రూపం, బోర్డు మీది పేరు. కొత్త సభ్యుడు చేరేటప్పుడు కంపెనీల పోర్టల్‌లోనూ, తన సరుకు తరగతిలో ట్రేడ్‌మార్కుల పోర్టల్‌లోనూ వెతికిన ప్రింట్ ఒకటి జతచేయమనండి. ట్రేడ్‌మార్కుల పోర్టల్‌లో ఉచ్చారణను బట్టి వెతికే వీలుంది, దాన్నే వాడమనండి.

"ఈ పేరు ఫలానా సభ్యుడిదే" అని సంఘం లెటర్‌హెడ్ మీద రాసివ్వడం ఆపండి. ఆ మాట చెప్పే అధికారం సంఘానికి లేదు. దానికి బదులు ఫలానా వ్యక్తి ఫలానా పేరుతో, ఫలానా సరుకు, ఏ సంవత్సరం నుంచి అమ్ముతున్నట్టు సంఘం రికార్డుల్లో ఉందో అంతవరకే రాసివ్వండి. 34వ సెక్షన్ కింద వాదించే లాయరుకు కావాల్సిన సాక్ష్యం అదే. అలా రాసివ్వాలంటే రికార్డులు ఉండాలి కాబట్టి, పాత చందా పుస్తకాలు, సభ్యుల డైరెక్టరీలు, సభ్యుల ప్రకటనలు అచ్చయిన వార్షికోత్సవ సంచికలు పాత కాగితాలవాడికి వేయకండి. స్కాన్ చేయించి, ఏ ఏడాదిది ఎవరి దగ్గర ఉందో మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి.

ఇట్లు,
మీ సభ్యుల కాగితాలు చూసే కొందరు అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు, ట్యాక్స్ కన్సల్టెంట్లు